పన్నెండు నీలి జెర్సీలు

పన్నెండు జెర్సీలూ ఉతికి, పిండి, దులిపి మేడ మీద తీగకు ఆరేసేసరికి మధులిక నడుము పట్టేసింది. నీలం రంగువి, వెనక ఒకటి నుంచి పన్నెండు దాకా తెల్ల నంబర్లు. ఏడో నంబరు చంకల్లో చెమట మరకలు పడ్డాయి, రెండుసార్లు సబ్బు రుద్దినా పోలేదు. మొన్నటి జోన్ పోటీల్లో దాన్ని పొద్దున తొమ్మిదో తరగతి పిల్లవాడు వేసుకుని ఆడాడు. మధ్యాహ్నం, అది ఇంకా తడిగా ఉండగానే, ఆడపిల్లల జట్టులోని యుమ్నా వేసుకుని ఆడింది.

మందమర్రిలో ఆ సర్కారు బడికి ఉన్నది ఒకటే సెట్టు. మూడేళ్ల కిందట పాత విద్యార్థులెవరో ఇచ్చారు. కబడ్డీ జట్లు రెండు, జెర్సీలు పన్నెండు. ముందు మగపిల్లలు ఆడతారు. ఆడి వచ్చి విప్పి కుప్పగా పడేస్తారు. ఆ కుప్పను ఆడపిల్లలు ఏదో ఒక తరగతి గదిలోకి ఎత్తుకుపోయి, తలుపు దగ్గర ఇద్దరు కాపలా ఉండగా తొడుక్కుంటారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారంటే ఎవరూ చెప్పలేరు. ఇట్లాంటివి ఎవరూ పెట్టరు, ఉంటాయంతే. పోటీలకూ పోటీలకూ మధ్య వాటిని ఇంటికి తెచ్చి ఉతికే పని మధులికది. అదీ ఎవరూ పెట్టలేదు.

"ఓ మధూ, ఇది ఇల్లా, ధోబీఘాటా?" కింద వాకిట్లోంచి అత్త సీతాబాయి గొంతు లేచింది. "ఊరి పోరగాళ్ల చెమటబట్టలన్ని మన మేడ మీదనే ఆరాల్నా? లక్ష్మణ్‌రావు కోడలు గిదా చేసేదని నలుగురు నవ్వుతుండ్రు. మీ మామ బజారుకు పోవుడే బంద్ చేసిండు."

మామ లక్ష్మణ్‌రావు బజారుకు పోవడం మానేసింది మోకాళ్ల నొప్పికి. ఆ సంగతి అత్తకూ తెలుసు. మధులిక ఖాళీ బకెట్టు పట్టుకుని కిందికి దిగింది. నిజానికి ఆమె ఆటల టీచరు కాదు, బయాలజీ చెబుతుంది. డిగ్రీలో ఉన్నప్పుడు యూనివర్సిటీ కబడ్డీ జట్టుకు ఆడింది. పెళ్లయ్యాక ఆ ఊసే ఎత్తలేదు. మూడేళ్ల కిందట బడి వెనక మట్టిలో ఆడపిల్లలు తమంతట తాము గీత గీసుకుని కూత పెడుతుంటే చూసింది. ఆ రోజు చీర కొంగు దోపుకుని గీత లోపల అడుగుపెట్టింది, అంతే. అప్పటి నుంచి రోజూ బడి వదిలాక గంటసేపు వాళ్లతోనే.

వంటింట్లో భర్త ఉజ్వల్ టిఫిన్ తింటున్నాడు. టైల్స్ షాపు తెరిచే వేళ అవుతోంది.

"రేపు మా అక్క అత్తగారోళ్లు భోజనానికి వస్తుండ్రు. సెలవు పెట్టు," అన్నాడు.

"రేపు ఆసిఫాబాద్‌ల పోటీలు. నెల కిందనే చెప్పిన."

"గా పోటీల కాయితాల మీద నీ పేరెక్కడన్న ఉన్నదా? కోచ్ అంటే మీ ఆటల సారు పర్శరాములు. నువ్వేమో పిల్లల వెంట పోయే ఎస్కార్టువి. పేరు ఆయనది, చాకిరి నీది. గింత చదువుకున్నవు, గా సోయి లేదా?"

చట్నీ గిన్నె చేతిలో పట్టుకుని మధులిక నిలబడిపోయింది. కోపం రావాల్సింది, రాలేదు. ఎందుకంటే ఆయన అన్నది నిజం. మూడేళ్లుగా తనకు తాను చెప్పుకోని నిజం, ఇడ్లీ నములుతూ ఎంత తేలిగ్గా చెప్పేశాడు! కాకపోతే పేరులేని చాకిరి బడిలో మానేసి, అదే ఇంట్లో చేయమంటున్నాడు. ఈ ఇంట్లో వండే కూరల మీద మాత్రం ఆమె పేరు రాసి ఉందా? ఆయన లేచి వెళ్లాక ఎంగిలి పళ్లెం బల్ల మీదే ఉంది. పెళ్లయిన కొత్తలో అత్త దగ్గరికి పిలిచి, ఎంతో ప్రేమగా, "నీ మొగడు తిన్న పళ్లెంలనే పెట్టుకొని తిను బిడ్డా, మా అత్త నాకు గట్లనే చెప్పింది. ఒక పళ్లెం కడుగుడు తప్పుతది," అంది. ఏడాది పాటు అట్లాగే తింది మధులిక. చారు మరకల మీద అన్నం పెట్టుకుని, ఆయన ఏరి పక్కన పెట్టిన కరివేపాకు పక్కన కలుపుకుని. ఒకరోజు ఎందుకో వేరే పళ్లెం తీసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు, అసలు ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ పళ్లెం చూస్తుంటే ఏడో నంబరు జెర్సీ గుర్తొచ్చింది. తను వేరే పళ్లెం తీసుకుంది సరే, ఆ పిల్లల చేతికి మాత్రం అదే ఎంగిలి అందిస్తోంది. అదీ శుభ్రంగా ఉతికి, మడత పెట్టి, వాళ్ల కంటే ముందు వేరేవాళ్లకు ఇచ్చి. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

బడికి వెళ్లేసరికి పోటీల కాగితం నోటీసు బోర్డుకు అంటించి ఉంది. బాలుర మ్యాచ్ ఒకటో కోర్టులో పదిన్నరకు. బాలికలది రెండో కోర్టులో పదకొండుకు. పోయినేడు కూడా ఇట్లాగే వేశారు. మగపిల్లల ఆట సమానమై అదనపు సమయానికి పోయింది. జెర్సీలు వాళ్ల ఒంటి మీద ఉన్నాయి. రెండో కోర్టు దగ్గర అంపైరు మందమర్రి బాలికలని మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకు నంబరున్న జెర్సీలతో కోర్టులో నిలబడకపోతే ఎదుటి జట్టు గెలిచినట్టే. బడి యూనిఫాంలలోనే పన్నెండు మంది కోర్టు గీత పక్కన కూర్చుని, ఆడకుండానే ఓడిపోయారు. జిల్లా జట్టుకు ఎంచుకునేవాళ్లు ఆడినవాళ్లనే చూస్తారు, గీత పక్కన కూర్చున్నవాళ్లను కాదు. యుమ్నాకు ఈ ఏడు పదో తరగతి. ఇదే ఆఖరిసారి.

ఆమె తిన్నగా హెడ్మాస్టర్ గదికి వెళ్లింది. ఓంప్రకాశ్ సార్, ఆటల టీచరు పర్శరాములు చాయ్ తాగుతున్నారు.

"సార్, మళ్ల పోయినేడు లెక్కనే అయ్యేటట్టున్నది."

"ఫికర్ చేయకుండ్రి మేడం," అన్నాడు పర్శరాములు. "మీ మ్యాచ్ జర లేట్ చేయమని నేను చెప్త."

"పోయినేడు గూడ గిదే మాట చెప్పిండ్రు."

"ఆడపిల్లలు గదమ్మా, సర్దుకుంటరు," ఓంప్రకాశ్ సార్ నవ్వాడు.

"ఈసారి ముందు జెర్సీలు మా పిల్లలు వేసుకుంటరు సార్. మగపిల్లలకు ఇంకో సెట్టు చూసుకోండ్రి. ఇయ్యాలనే చెప్తున్న."

ఇద్దరూ ఇంకా పెద్దగా నవ్వారు. మంచి జోకు వేసిందనుకున్నారు పాపం. ఆమె కూడా వాళ్ల నవ్వు చెడగొట్టలేదు.

బయట వరండాలో యుమ్నా నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"మేడం, ఈసారన్న ఆడుతమా?"

"ఆడుతరు."

"మా అమ్మి వస్తనన్నది చూడనీకి. పోయినేడు గూడ వచ్చింది మేడం. ఉత్తగనే కూసొని పోయింది."

మర్నాడు మధులిక మామూలు వేళకే లేచింది. వేరే రోజైతే నాలుగింటికే లేచి, చుట్టాలకు కావలసిన నాలుగు కూరలూ వండి మూతలు పెట్టి వెళ్లేది. ఈ రోజు తన చాయ్ తాను చేసుకుని, నీలి జెర్సీల సంచి భుజానికి తగిలించుకుంది.

"వంట?" అన్నాడు ఉజ్వల్, నిద్ర కళ్లతో.

"కూరగాయలు ఫ్రిజ్‌ల ఉన్నయి. నువ్వు, అత్తమ్మ, మామయ్య, ముగ్గురున్నరు గద."

వెనక అత్త ఏదో అంటూనే ఉంది. గేటు దాటాక వినిపించలేదు. బస్సెక్కి కూర్చుంది. భయం వేసిందని ఒప్పుకోవాల్సిందే. సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

ఆసిఫాబాద్ మైదానంలో పదింటికి పర్శరాములు చెయ్యి చాచుకుంటూ వచ్చాడు. "మేడం, జెర్సీల సంచి?"

సంచి ఖాళీగా ఉంది. పన్నెండు మంది ఆడపిల్లలు మైదానం పక్కనున్న బడి గదిలోంచి వరుసగా బయటికి వస్తున్నారు. అందరి ఒంటి మీదా నీలం. ముందు యుమ్నా, లోపల తెల్లటి పొడుగు చేతుల టీషర్టు, పైన ఏడో నంబరు. పొడిగా, సబ్బు వాసనతో.

"మేడం! మా మ్యాచ్ పదిన్నరకు!"

"జర లేట్ చేయమని చెప్పుండ్రి సార్," అంది మధులిక. "నిన్ననే చెప్పిన గద."

ఆయన ముఖం ఎర్రబడింది. అరవబోయి, చుట్టూ జనాన్ని చూసి ఆగి, ఫోను తీశాడు. ఒక్క ఫోను, అంతే. పావుగంటలో బండి మీద ఒకాయన పసుపు జెర్సీల కట్ట తెచ్చి ఇచ్చిపోయాడు. కొత్తవి, మడత నలగనివి, నంబర్లు కూడా ఉన్నాయి. ఆసిఫాబాద్‌లోనే ఉండే ఆయన దోస్తుకు క్రికెట్ టీము ఉందట. "అడగంగనే ఇచ్చిండు," అన్నాడు పర్శరాములు, కోపంలోనూ కాస్త గొప్పగా. మధులికకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. మూడేళ్లుగా లేని రెండో సెట్టు పావుగంట దూరంలోనే ఉంది. ఇన్నాళ్లూ అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

పదకొండింటికి రెండో కోర్టు అంపైరు మందమర్రి బాలికలని పిలిచాడు. మొదటి పిలుపుకే పన్నెండు మందీ లేచి నిలబడ్డారు. జనంలో నల్ల బురఖాలో యుమ్నా వాళ్లమ్మ కూడా లేచి నిలబడింది. కోచ్ ఎవరని అంపైరు అడిగితే మధులిక పెన్ను తీసుకుని కాగితం మీద తన పేరు తనే రాసింది, ఇంటి పేరుతో సహా, పూర్తిగా. ఆ తర్వాత నలభై నిమిషాలు ఆమె గొంతు పోయేలా అరిచింది. మూడు పాయింట్ల తేడాతో గెలిచారు. జిల్లా జట్టుకు ఎంచుకునేవాళ్లలో ఒకావిడ కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఏడో నంబరు పిల్ల పేరేంది?" అని అడిగింది. మధులిక చెప్పింది. రెండోసారి కూడా చెప్పింది, అడగకపోయినా.

మగపిల్లలూ గెలిచారు. పర్శరాములు కోపం గెలుపులో కరిగిపోయింది. నవ్వుకుంటూ వచ్చి, చెమటతో తడిసిన పసుపు జెర్సీల కుప్పను అలవాటుగా ఆమె కాళ్ల దగ్గర పడేశాడు.

"మంచిగాడిండ్రు మేడం మీ పిల్లలు. ఇవి గూడ జర ఇంటికి తీస్కపోరి, దోస్తుకు వాపస్ ఇయ్యాలె, రేపటికి ఆరాలె."

మధులిక ఆ కుప్ప వైపు చూసింది. తర్వాత మైదానం అవతల గోడ దగ్గరి నీళ్ల కుళాయి వైపు చూపించింది.

"నల్లా అగో, అక్కడున్నది సార్."