చల్లారని బ్యారను

బసవపున్నయ్య ముక్కు గొప్పది. మూడెకరాల అవతల ఆకు మాడితే ఇక్కడ పసిగడుతుంది.

పక్కనే ఉన్న పెళ్లాం నుదుటి మీది తలనొప్పి బాము మాత్రం పన్నెండేళ్లుగా దానికి అందలేదు.

పాపం, ముక్కుదేం తప్పు!

పొగాకు వాసన... అడవికట్టె వాసన... పొయ్యి వేడికి కాగిన ఇనుప గొట్టాల వాసన. వాటి మధ్య హైమ.

సత్తుపల్లి దాటాక, అడవి మొదలయ్యే చోట వాళ్ల పొగాకు బ్యారను — పచ్చాకును వేడికి ఆరబెట్టే కొట్టం. ఆకు లోపలికెక్కితే ఐదు రోజులు పొయ్యి ఆరకూడదు. తొంభై అయిదు ఫారెన్‌హీటు డిగ్రీల నుంచి నూట అరవై దాకా — మెల్లగా, మెల్లగా. తొందరపడితే ఆకు నల్లబడుతుంది. కిటికీ అద్దంలోంచి గంటగంటకూ థర్మామీటరు చూసే పని హైమది.

కాపురానికొచ్చిన ఏడు సరదాగా చూసింది. ఆకు బంగారంలా దిగింది.

"మా హైమది చల్లని చెయ్యి!" అన్నాడు బసవపున్నయ్య, ఊరంతా వినేలా.

బీఏ చదివిన చెయ్యి. ఒక్క మెచ్చుకోలుకు లొంగిపోయింది.

ఇక ఆ చెయ్యి మారకూడదు. పుట్టింటికి వెళ్తే ఆకు పాడు. జ్వరమొస్తే ఆకు పాడు.

ముందు నిద్ర తెగింది. తర్వాత దవడలు బిగుసుకున్నాయి. కడుపులో మంట — గ్యాసన్నారు. దువ్వెన నిండా జుట్టు — నీళ్లు పడలేదన్నారు. గిన్నె కింద పడితే గుండె గొంతులోకొచ్చేది. పోపు వేస్తూ వేస్తూ, ఏం కూరో మరిచిపోయేది. బ్యారను మూతపడిన ఎండాకాలంలో కూడా గంటకోసారి ఉలిక్కిపడేది.

డిగ్రీ డిగ్రీగా. మెల్లగా, మెల్లగా.

ఆమెలోకి చూడ్డానికి ఎవరూ కిటికీ పెట్టలేదు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో, పట్టపగలు, అంకెలు అలుక్కుపోయాయి. అద్దం ముందే కూలబడింది. ఖమ్మంలో డాక్టరు బీపీ చూసి, నమ్మలేక మళ్లీ చూసి, నెల రోజులు విశ్రాంతి అన్నాడు.

"కూర్చుని చూసే పనే కదండీ," అన్నాడు బసవపున్నయ్య. "మూటలేమైనా మోయించానా?"

హైమ నవ్వబోయింది. దవడ కలుక్కుమంది.

"అయితే ఈసారి మీరు కూర్చోండి."

కూర్చున్నాడు. రెండో రోజు, కట్టెలేసే పగిడయ్య మీద అరిచాడు. మూడో రోజు అన్నం పళ్లెం తోసేశాడు. నాలుగో రోజు అంకె చూసొచ్చి, ఎంతో మరిచిపోయి మళ్లీ లేచాడు. ఆకు కట్టే భీమక్క చూడనే చూసింది.

"ఏంది దొరా, నాల్గు దినాలకే గిట్లయితివి? అమ్మ పన్నెండేండ్లు కూసున్నది."

ఐదో రోజు ఆకు దిగింది.

బంగారంలా.

అంటే — ఏ చెయ్యయినా చాలు! ఏ చెయ్యయినా!

పన్నెండేళ్ల మంట కన్నా హైమకు ఆ నిజమే ఎక్కువ మండింది.

అప్పటికే పొయ్యి ఆర్పేశారు. బ్యారను గోడ పక్కన, ఆకు చూడ్డానికొచ్చిన ఆమెకు దగ్గరగా కూలబడ్డాడు బసవపున్నయ్య. ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటీ వాసన?"

"బాము. ఇప్పటికి అందిందా?"

పగిడయ్య వింటున్నాడు. భీమక్క వింటోంది. ఆయన తల దించుకున్నాడు.

"తప్పు నాదే, హైమా. చల్లని చెయ్యని చెప్పి... కూర్చోబెట్టి కాల్చాను నిన్ను."

హైమ గోడకు అరచెయ్యి ఆనించింది.

పొయ్యి ఆరింది. గోడ ఇంకా కాలుతోంది...