మొరాయించని రివాల్వర్

పిస్టల్ మొరాయిస్తుంది, రివాల్వర్ మొరాయించదు. ఆ నేలమాళిగ షూటింగ్ రేంజిలో అడుగుపెట్టిన ప్రతివారికీ మొదటిరోజే అబ్బే జ్ఞానం ఇది. అక్కడికి టీ తెచ్చే మనిషికి కూడా తెలుసు. ఎవరు చెప్పారని అడిగితే అందరూ రేంజి మేనేజరును చూపించేవారు. మేనేజరు తన అరచేతిని చూపించేవాడు. "జన్మంతా ఈ చేత్తోనే కాల్చాను. ఒక్కసారైనా ఆగిందేమో దీన్నే అడగండి" అనేవాడు. చేతిని అడగడం ఎవరికీ కుదరలేదు గనక ఆ మాట అలాగే స్థిరపడిపోయింది.

ఆ రోజు పరీక్షకు నిలబడింది ఆయన మేనకోడలే. బ్యాంకుల నగదు తరలించే సెక్యూరిటీ కంపెనీలో ఆమెది ఉద్యోగం. చేరిననాటి నుంచీ కిటికీ లేని గదిలో కెమెరా తెరల ముందు కూర్చోబెట్టారు. బయట వాన పడుతోందో లేదో తెరమీద నడిచే మనుషుల గొడుగులను బట్టి తెలుసుకోవాల్సిన బతుకు. ఈ పరీక్ష గట్టెక్కితే వ్యాను మీద డ్యూటీ. తప్పితే మళ్ళీ ఆ గదే, ఇక ఎప్పటికీ. రెండుసార్లు తప్పినవారికి మరో అవకాశం ఇవ్వరు. ఆమె ఇప్పటికే ఒకసారి తప్పింది. అప్పుడు చేతిలో ఉన్నది పిస్టల్. తూటా ఇరుక్కున్న ప్రతిసారీ తీసి మళ్ళీ కాల్చింది గాని, ఈలోగా గడువు దాటిపోయింది.

"ఈసారైనా నా మాట విని రివాల్వర్ తీసుకో అమ్మాయ్. నమ్మిన మనిషి లాంటిది అది" అన్నాడు మేనమామ.

"నన్ను ముంచినవాళ్ళంతా నేను నమ్మినవాళ్ళే మామయ్యా" అంది ఆమె. అన్నదే గాని, తీసుకుంది.

పక్క వరుసలో పిస్టల్ పట్టుకుని పొడుగు గార్డు నిలబడ్డాడు. వెనక కంపెనీ అధికారి. గోడమీద ఎర్రబల్బు వెలిగింది. అది వెలుగుతున్నంతసేపూ ఎవరూ తలుపు తీయకూడదు. గదిలోని తుపాకులన్నీ ఖాళీ అని కళ్ళారా చూశాకే దాన్ని ఆర్పాలి. ఈ నియమం పెట్టింది మేనేజరే.

కాల్పులు మొదలయ్యాయి. రెండో గుండుకే పొడుగు గార్డు పిస్టల్ ఆగింది. పేలిన తూటా ఖాళీ తొడుగు, తలుపు సందున చిక్కిన చెప్పులా, పైన స్లైడులో ఇరుక్కుంది. అతడు స్లైడును ఒక్క లాగు లాగాడు. తొడుగు ఎగిరిపడింది. మళ్ళీ కాల్చాడు.

"చూశారా సార్, పిస్టల్!" అన్నాడు మేనేజరు, పొరుగింటి కూరలో ఉప్పెక్కువైందని తెలిసినంత సంబరంగా.

మేనకోడలు మూడు గుండ్లు కాల్చింది. మూడూ గురిలోనే పడ్డాయి. నాలుగోసారి ట్రిగ్గర్ కదలలేదు, తూటాలు కూర్చిన సిలిండర్ తిరగలేదు. గోడను వేలితో నొక్కినట్టుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు అధికారి.

"కదలడం లేదు సార్."

"గట్టిగా నొక్కు" అన్నాడు మేనమామ.

"రాయిలా ఉంది మామయ్యా."

"రివాల్వర్ ఆగదే అమ్మాయ్! వేలిలో సత్తువ లేదని చెప్పు."

రివాల్వర్ మొరాయించదు. ఇక్కడ ఏదో మొరాయించింది. కాబట్టి మొరాయించింది మనిషే. ఈ వాదంలో మొదటి వాక్యం తప్ప మరే లోపమూ లేదు. దురదృష్టవశాత్తు ఆ గదిలో ఎవరూ అనుమానించనిది ఆ వాక్యాన్నే.

అధికారి గడియారం చూసుకున్నాడు. "ఆయుధం లోపమైతే మళ్ళీ కాల్పించాలి. మనిషి లోపమైతే ఫెయిలే. మీరే చెప్పండి మేనేజరుగారూ, ఆయుధం లోపమా?"

"రివాల్వర్ కదండీ ఇది" అన్నాడు మేనేజరు నెమ్మదిగా. అంతకన్నా చెప్పాల్సింది ఉందని ఆయనకు తోచలేదు.

"అయితే సరే. అది కింద పెట్టేసి రామ్మా. నాకు అవతల పనుంది."

ఆమె వెనక్కి తిరగలేదు. "ఎలా పెట్టను సార్? సిలిండర్ తెరుచుకోవడం లేదు. లోపల మూడు తూటాలున్నాయి. ఖాళీ అని చూపించనిదే బల్బు ఆర్పకూడదు, తలుపు తీయకూడదు. నియమం మామయ్యదే."

పొగ లాగే ఫ్యాను గుయ్యిమంటోంది. కాలిన మందు వాసన గొంతులో గరగరమంటోంది. అధికారి తలుపు వైపు చూశాడు, బల్బు వైపు చూశాడు, నిలబడిపోయాడు.

"ఇవాళ మన కాపురం ఇక్కడే" అన్నాడు పొడుగు గార్డు. "సార్, కుర్చీ వేయమంటారా?"

ఆమె రివాల్వర్‌ను గురివైపే చాచి పట్టుకుంది. ఎదురుగా గురికాగితం మీది మనిషి బొమ్మ, కెమెరా తెరమీద మనిషంత పొట్టిగా, అంత దూరంగా కనిపించింది. చెయ్యి దించితే ఆ గది. దించకపోతే ఈ గది.

"ఇలా ఇవ్వు, నేను తెరుస్తా" అంటూ మేనమామ చెయ్యి చాపాడు.

"ఇవ్వను. మీ చేతిలో అటూ ఇటూ ఊపి తెరిచేస్తారు. అప్పుడు దోషం నా వేలిదే అయిపోతుంది. నా చేతిలో ఉండగానే చూడండి. వెనక నుంచి కాదు, పక్క నుంచి, సిలిండర్ ముందంచు చూడండి."

"నాకు నేర్పుతున్నావా?"

"చూడమంటున్నాను మామయ్యా. అంతే."

ఆయన విసుక్కుంటూనే పక్కకు వచ్చి కళ్ళజోడు పెట్టుకున్నాడు. టార్చి అడిగాడు. ఒంగి చూశాడు. మళ్ళీ ఒంగి చూశాడు.

పరీక్షలోనూ వాడే ఆ రేంజి సాధన తూటాలు ఆయన స్వయంగా చేసినవే. పేలిన ఇత్తడి తొడుగుల్లో కొత్త మందు పోసి, సీసపు గుండు కూర్చి, మెడ దగ్గర నొక్కుతాడు. గట్టిగా నొక్కితే తొడుగు త్వరగా చీలుతుందని ఎప్పుడూ తేలిగ్గానే నొక్కేవాడు. ఆయన జన్మంతా కాల్చిన బరువైన ఉక్కు రివాల్వర్‌లో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. కంపెనీ కొత్తగా కొన్నది తేలిక రకం, రోజంతా నడుముకు మోయడానికి. తేలికైనది గట్టిగా తన్నుతుంది. బస్సు ఒక్కసారిగా ముందుకు ఉరికితే నిలబడ్డ ప్రయాణికుడు ఉన్నచోటే ఉండబోయి వెనక్కి తూలుతాడు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు సీసపు గుండుదీ అదే స్థితి. తొడుగు వెనక్కి పోతుంది, గుండు ఉన్నచోటే ఉండబోయి ముందుకు జారుతుంది. పిస్టల్‌లో తూటాలు పేర్చే మ్యాగజైన్‌కు ముందు గోడ ఉంటుంది, ఆపుతుంది. రివాల్వర్ సిలిండర్‌కు ముందు గోడ లేదు.

మేనేజరు సన్నటి చెక్కపుల్లతో పక్కనుంచి ఒత్తాడు. టక్కుమంది. సిలిండర్ తెరుచుకుంది. తూటాలు తీసి బల్లమీద నిలబెట్టి, పొడుగు గార్డు పిస్టల్ కూడా ఖాళీ అని చూసి, ఎర్రబల్బు ఆర్పాడు. ఆమె చేతులు దించింది. అధికారి తలుపు గడి మీద చెయ్యి వేశాడు.

"ఆగండి సార్" అన్నాడు మేనేజరు. "ఈ అమ్మాయి చేత మళ్ళీ కాల్పించాలి."

"ఎందుకు?"

ఆయన కళ్ళజోడు తీశాడు. ఒకసారి తన అరచేతి వైపు చూసుకున్నాడు.

"నాలుగో తూటా గుండు తొడుగులోంచి జారి గోరంత మందాన ముందుకు పొడుచుకొచ్చింది. తుపాకీ ఫ్రేముకు తట్టుకుని సిలిండర్‌ను తిరగనివ్వలేదు. రివాల్వర్ మొరాయించింది."