తిరగేసిన కాగితం

మేస్త్రీ కుప్పన్‌ది గుడియాత్తం. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. వేలూరు తెలుగు సంఘం కొత్త భవనం నుదుటన, ఎవరో రాసిచ్చిన పలుచటి నకలు కాగితాన్ని గోడకు అంటించి, గీత వెంబడి సిమెంటు అక్షరాలు తీర్చాడు. అవి ఏమక్షరాలో అతనికి తెలియదు. తెలియదనడానికి సిగ్గూ లేదు.

"అయ్యా, నాకు తెలుగు చదవను రాదు. సరిగా ఉండాదా, ఒగసారి చూడండి" అని సంఘం అధ్యక్షుడు పూర్ణచంద్రను పిలిచాడు.

పూర్ణచంద్రకు మైకు దొరికితే మైకం. మాతృభాష మీద గంటసేపు మాట్లాడగలరు. తలెత్తి చూశారు.

"ముత్యాల మాదిరి ఉండాయప్పా."

"అట్లయితే ఈడ పెట్టబోయే సాయంత్రం తెలుగు బడిలో నా పేరు రాసుకోండి. యాభై ఎనిమిదేండ్లొచ్చె. నేను తీర్చింది నేను చదవల్ల."

"మొదటి పేరు నీదే పో."

ప్రారంభం నాడు తెర తీశారు. చదవడం వచ్చిన నలుగురూ నవ్వారు. వాళ్లను చూసి చదవడం రానివాళ్లూ నవ్వారు. "తెలుగు భవనం" అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమగా ఉంది.

"అక్షరం రానోనికి పనిస్తే ఇంతే" అన్నారు అధ్యక్షులు, మైకులోనే.

ఉతికిన చొక్కాతో వెనక నిలబడ్డ కుప్పన్, "తప్పు నాదేనయ్యా" అని గుడియాత్తం బస్సుకు వెళ్లిపోయాడు.

అతని భార్య కాళియమ్మ కదలలేదు. "మా ఆయన చూడమని పిలవలేదా అయ్యా? నేను కిందనే సిమెంటు కలపతా ఉంటిని."

పొన్నై నుంచి అతిథిగా వచ్చిన పంకజం టీచరు, అధ్యక్షుల చేతిలోని ఉపన్యాసం కాగితాలు తీసి చూసింది. మాటలు తెలుగు; అక్షరాలన్నీ అరవం.

పూర్ణచంద్ర తలవంచారు. "నాకూ చదవను రాదమ్మా. కాళియమ్మా, ఆయన్ని పిలుచుకొని రా. బడిలో మొదటి పేరు ఆయనదే."

"రాడయ్యా. ఇంతమంది నవ్వినాక ఏ మొగంతో పలక పట్టేది?"

పంకజం మైకు అందుకుంది.

"అందరూ వినండి. కాగితం తిరగబడి అంటుకుంది, అంతే. అది ఎవరికైనా జరుగుతుంది. అరవంలో రాసుకొని తెలుగు మాట్లాడటమూ తప్పు కాదు నాయనా. రాదని చెప్పి నేర్చుకోవాలనుకున్నాడే కుప్పన్, అది ఆశయం. రాకుండానే వచ్చినట్టు నిలబడి, ఆ తప్పు అతని నెత్తిన వేసినావే, అది వేషం. ఈ పొద్దు నీ వేషం అతని ఆశయాన్ని చంపింది."