అంచు లేని పెళ్లిబట్టలు

అనసూయ పెళ్లి ఎక్కడ జరగాలన్న విషయం మీద కొత్తవాడ నేతగాళ్ల వీధిలో అభిప్రాయం చెప్పని మనిషి అనసూయ ఒక్కతే. ఎందుకంటే ఆమెను ఎవరూ అడగలేదు.

పెళ్లి ఎవరితో అన్నది మాత్రం ముందే తేలిపోయింది. సింహాద్రి మలేషియావాడు. అతని పెద్దలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడి రబ్బరు తోటల్లో దిగారు. అతను డాక్టరు చదువు కోసం వరంగల్ వచ్చి, హాస్టలు మంచం మీదికి జంపఖానా కొనడానికి కొత్తవాడకు వచ్చాడు. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. జంపఖానా అమ్మింది వెంకటరాజం. చదవటం నేర్పింది ఆయన కూతురు అనసూయ, ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరరు. అక్షరాలు యాభై ఆరే అయినా నేర్చుకోవడానికి అతనికి మూడేళ్లు పట్టింది. అతను మందబుద్ధి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే అనుమానం వచ్చింది.

పద్మశాలీల ఇంటికి రబ్బరు తోటల పిల్లవాడేమిటని తల్లి శ్యామలమ్మ కొన్నాళ్లు అలిగింది. డాక్టరు అన్న మాట మెల్లగా ఆ అలకను తినేసింది. ఇప్పుడు, ఎనభై మూడులో, అతనికి సొంత దేశంలో సర్కారు దవాఖానాలో కొలువు దొరికింది. పెళ్లి సంగతి తేల్చుకోవడానికి సెలవు పెట్టి వచ్చి లాడ్జిలో దిగాడు.

తేల్చడానికి మేనమామ సిద్దిరాములు కూడా వచ్చాడు. ఆయన హైదరాబాదులో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర గుమాస్తా. విమానాల గురించి ఆయనకు తెలియనిది లేదు. స్వయంగా ఎక్కినది మాత్రం కాజీపేట ప్యాసింజరు.

"ఈడ లగ్గం జేసి, పెండ్లాం అని దరఖాస్తు వెడితే ఏడాది వడ్తది. ఏడాదిన్నర గూడ వట్టచ్చు," అన్నాడు ఆ రాత్రి భోజనాల దగ్గర, సింహాద్రి పక్కన కూర్చుని రొట్టె తుంచుతూ. "అదే టూరిస్టు వీసా అనుకో, వారంల పని. ఆడ దిగినంక లగ్గం. లగ్గమైనంక ఎవడు ఎల్లగొడ్తడు?"

"టూరిస్టు అంటె ఏందిరా?" అన్నది శ్యామలమ్మ.

"దేశం జూడ వోతాన్న అని రాయాలె అక్కా. లగ్గం ముచ్చట ఎత్తద్దు. ఇంకోటి, కాలేజోళ్లు కాయితం ఇయ్యాలె. సెలవు మీద పోతాంది, మల్ల వచ్చి నౌకరిల చేరుతది అని."

"చేరుతదా మరి?"

"యాడ చేరుతది? రాజీనామా ఆడికెల్లి పంపుతది."

అనసూయ చేతిలో చారు గరిటె ఆగిపోయింది. వదిలేయబోయే ఉద్యోగమే ఆమె దాన్ని వదలదని సాక్ష్యం చెప్పాలన్నమాట. ఆమె సింహాద్రి వైపు చూసింది. "మీరేమంటరు?"

"అమ్మ అక్కడే సెయ్యాలంటోంది. సుట్టాలంతా అక్కడే కదా," అన్నాడు అతను కంచంలోకి చూస్తూ. "మావయ్య చెప్పినట్టయితే తొరగా అయిపోద్ది."

"అంటే మీ దేశం గడప మీద నిలబడి నేను అబద్ధం చెప్పాలె."

"అబద్ధం ఏటి? అది ఫారం."

ఇంత చదువుకున్నవాడు ఆ రెంటికీ తేడా చూపించిన తీరు అనసూయకు ఒంటికి కారం రాసినట్టయింది. కానీ మేనమామ అక్కడితో ఆగే మనిషి కాదు.

"పెట్టె మాత్రం జర పైలంగ సదురుకోవాలె బిడ్డా. ఆడ ఇప్పి చూస్తరు. పుస్తెలు, మట్టెలు, పసుపుకొమ్ములు ఏవి కండ్ల వడద్దు. ఇగో బావా, మధుపర్కాలు నేస్తవు గద, ఎర్రంచు వెట్టకు. తెల్లగ నెయ్యి. ఎవడన్న అడిగితే తువ్వాల అంటది."

వెంకటరాజం లేచి చేయి కడుక్కున్నాడు.

ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లికి మధుపర్కాలు తండ్రే నేయాలి. బజారులో కొనరు, ఇంకొకరి మగ్గం మీద నేయించరు. సంబంధం ఖాయమైన నాడే వెంకటరాజం అంచు కోసం నూలుకు ఎర్రరంగు అద్ది, ఆరబెట్టి, మగ్గం పక్కన మేకుకు తగిలించాడు. దాన్ని తాకనిచ్చేవాడు కాదు. శ్యామలమ్మ ఒకసారి దుమ్ము దులపబోతే, దుమ్ము ఉంటే ఉండనీ అన్నాడు.

మర్నాడు పొద్దున అనసూయ మగ్గం గదిలోకి వెళితే మేకు బోడిగా ఉంది. వెంకటరాజం పడుగు సిద్ధం చేస్తున్నాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లపోగులే.

"నాయినా, ఎర్రనూలేది?"

"అటక మీద వెట్టిన."

"ఎందుకు?"

"మీ మామ చెప్పిండు గద బిడ్డా. నా అంచు జేయంగ నిన్ను వాపస్ తోలితే ఎట్ల?"

తల ఎత్తకుండానే చెప్పాడు. అంచులో ఒక్క పోగు జారితే, కొనేవాడు చూడకపోయినా, ఆ బట్టను తనే పక్కన పడేసే మనిషి. చేనేత సంఘం ప్రెసిడెంటుతో నూలు నాణ్యత గురించి పోట్లాడి నెలరోజులు మాట్లాడని మనిషి. అలాంటివాడు కూతురి పెళ్లిబట్టను తువ్వాలలా నేయడానికి బుద్ధిగా కూర్చున్నాడు. సిద్దిరాములు మాటకు రాని ఏడుపు, సింహాద్రి మాటకు రాని ఏడుపు ఆ తెల్లపడుగు చూసి వచ్చింది. వచ్చినందుకు ఇంకా మండింది.

సింహాద్రి వచ్చేసరికి ఆమె వాకిట్లోనే ఉంది. కుశలం అడగనివ్వకుండా మగ్గం గదికి తీసుకుపోయింది. నలుగురిలో ఎప్పుడూ 'మీరు' అనే మనిషి, తండ్రి అక్కడే ఉన్నాడని కూడా చూడలేదు.

"మీ అమ్మమ్మ ఓడెక్కి పోయినప్పుడు ఫారంల ఏం రాసింది నువ్వు చెప్పు."

"అప్పుడు ఫారమెక్కడిది? తోటలకి మనుషులు కావాలి. ఎవడూ ఏటీ అడగలేదంట."

"కూలికి పోతే ఓడ పంపి దింపుకున్నరు. కోడలుగ వస్త అంటే దొంగలెక్క రమ్మంటాన్నరు. మా నాయినతోని గూడ దొంగబట్ట నేపిస్తాన్నరు. చూడు."

అతను చూశాడు. ఆ ఇంట్లో చాలాసార్లు కూర్చున్నవాడే, మేకు మీద ఏముండేదో అతనికీ తెలుసు. బోడి మేకును చూసి, వెంకటరాజాన్ని చూసి, చెప్పులు విడిచిన కాళ్లను చూసుకున్నాడు.

"పెండ్లి ఈణ్నే. నీ పెండ్లాన్నని రాసి దరఖాస్తు పెడత," అన్నది అనసూయ. "ఏడాది పడితే పట్టనీ. అప్పటిదాంక పిల్లలతోని కప్పలు కోపిచ్చుకుంట ఈణ్నే ఉంట. అంతవరకు ఆగలేను అంటవా, ఇప్పుడే చెప్పు. నేనేం మొత్తుకోను."

మొత్తుకునేదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"ఆగుతాను," అన్నాడు సింహాద్రి. "అమ్మకి ఎవరు సెప్తారు?"

"మీ అమ్మకు నువ్వే."

పొద్దున బుక్ చేసిన ట్రంకు కాల్ మధ్యాహ్నం దాటాక కలిసింది. పోస్టాఫీసులో మనియార్డరుకు వచ్చినవాళ్లు, స్టాంపులకు వచ్చినవాళ్లు పని ముగిసినా కదల్లేదు. సముద్రం అవతలికి వినబడాలంటే అరవాలి కదా, సింహాద్రి అరిచాడు. పెళ్లి ఇక్కడే అని, అంచు అని, తువ్వాల అని అరిచాడు. సిద్దిరాములు పక్కనే నిలబడి ఖర్చు గురించి సైగలు చేస్తున్నాడు. కాసేపటికి సింహాద్రి రిసీవరు అనసూయకు ఇచ్చాడు.

"ఏటమ్మా, మా ఊరు రావా?" గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"వస్త అత్తమ్మా. కోడలుగ వస్త. చూసిపోయేదాని లెక్క రాను."

అవతల గరగర తప్ప ఏమీ లేదు. లైను తెగిందేమో అనుకుంది అనసూయ.

"మరి నేనక్కడికి రావాలంటే ఫారంలో ఏటి రాయమంటావు? దేశం సూడ్డానికనా?"

"పెండ్లికొడుకు తల్లి అని రాయుండ్రి."

మళ్లీ గరగర. ఈసారి అందులో నవ్వు ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

"సర్లే, అలాగే రాస్తాను," అన్నది ఆ గొంతు. "పెళ్లిబట్టని తువ్వాలని సెప్పమన్న మనిషి అక్కడే ఉన్నాడా? ఓసారి ఫోనియ్యి."

అనసూయ రిసీవరు చాచి మామ వైపు తిరిగింది. సిద్దిరాములుకు అంతలోనే బస్సు గుర్తుకు వచ్చినట్టుంది, గుమ్మం దాటేశాడు. స్టాంపులకు వచ్చిన పెద్దమనిషి దారి ఇచ్చి మరీ పంపించాడు.

ఆ సాయంత్రం వెంకటరాజం అటక ఎక్కి ఎర్రనూలు దింపాడు. వేసిన తెల్లపడుగును అటూ ఇటూ విప్పి ఎర్రపోగులు కలపసాగాడు. మామూలుగా ఆ ఇంటి మధుపర్కాలకు అంచు రెండు వేళ్ల వెడల్పు. ఆయన నాలుగు వేళ్లు ఆనించి కొలుచుకోవడం చూసి శ్యామలమ్మ నోరు నొక్కుకుంది.

"గింత అంచు ఎవలన్న పెడ్తరా? చూసినోళ్లు నవ్వుతరు."

"పెట్టె ఇప్పి చూసెటోనికి ఎతుకులాడే తిప్పల ఉండద్దు గద," అన్నాడు వెంకటరాజం, ఇంకో ఎర్రపోగు అందుకుంటూ.