ముడి విప్పని బూటు

నేను ఒక ఎడమకాలి బూటును. నాకు జోడుగా కుడికాలిది ఒకటుంది గానీ దానికి కథలు చెప్పడం చేతకాదు. అందుకని దాని తరఫున కూడా నేనే మాట్లాడతాను. నా అరికాలికి ఇనప మేకులున్నాయి. పరుగు పందేలకే పుట్టాను. సరదాకి నన్ను తొడుక్కుని గచ్చు మీద నడిచినవాళ్లు మూడో అడుగులో బోర్లా పడ్డారు. చూశాను కనక చెబుతున్నాను.

అట్టపెట్టెలోంచి కళ్లు తెరిచింది విజయనగరంలో ఒక క్రీడల హాస్టల్లో. మొదట నన్ను తొడుక్కున్న దాలినాయుడు పోలీసు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ నన్ను తవిటినాయుడికి ఇచ్చాడు. ఈ తవిటినాయుడి వేగం చెబితే మీరు నమ్మరు. ఒకసారి వాడు గీత దాటి, స్నానం చేసి, ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కున్నాక గానీ రెండోవాడు రాలేదు. చివరికి వాడి మోకాలు చెడింది. అప్పుడు నేను అదే హాస్టల్లోని కుర్రాడు అప్పలసూరి చేతికి వచ్చాను.

ఆ హాస్టల్లో ఒక ఆచారం ఉంది. బూట్లు ఇచ్చేవాడే తన చేత్తో ముడి వేసి ఇవ్వాలి. పుచ్చుకున్నవాడు మొదటి పందెం అయ్యేదాకా దాన్ని విప్పకూడదు. విప్పితే ఇచ్చినవాడి పరుగు జారిపోతుందట. సూరి పాదం తవిటినాయుడి పాదం కన్నా వేలెడు పొట్టి. అయినా ముడి ముట్టుకోలేదు. చెప్పులో దూర్చినట్టు కాలు నాలో దూర్చేవాడు. వాడికి నాతో మొదటి పందెం ఏదనుకున్నారు? సముద్రాలు దాటి వెళ్లిన అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పోటీ, కుర్రాళ్ల విభాగం.

ఆ దేశంలో మనుషుల కన్నా గొర్రెలు ఎక్కువ, గొర్రెల కన్నా వాన ఎక్కువ. పరుగు మైదానం మీద కాదు. గుట్ట ఎక్కాలి, దిగాలి, అడుగున బురదగుంట దాటాలి. ఒక గేదె అందులో దిగితే కొమ్ములు కూడా కనపడవు. అలా నాలుగు చుట్లు. ఒక్కో దేశానికి ఆరుగురు పరిగెడతారు. ముందొచ్చిన నలుగురి స్థానాలే కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లే గొప్ప. మనవాళ్లకు మూడో బహుమతి మీద ఆశ. దానికి అడ్డం పచ్చబనీన్ల దేశం. మన లెక్కలో నాలుగోవాడు అప్పలసూరి. వాడు వెనకబడితే ఆరుగురి ఆశా పోయినట్టే.

అందరూ బూట్లు ఊడిపోకుండా పాదం చుట్టూ టేపు చుట్టుకుంటున్నారు. కోచ్ పరంజ్యోతి సారు సూరి దగ్గరికొచ్చాడు.

"ఏరా, బూటు వదులుగా ఉంది. ముడి విప్పి బిగించి కట్టు. టేపు చుట్టుకో."

"ఒద్దు సార్. మా తవిటన్న ఏసిన ముడి. టేపు సుడితే దానికి ఊపిరాడదు."

"మీ తవిటన్న వచ్చి దిగుతాడా బురదలో?"

పక్కనున్న ఓబులేసు నవ్వాడు. అనంతపురం వైపువాడు, జట్టులో ఐదోవాడు. "ఇడిసిపెట్టండి సార్. వానికి అది తాయెత్తు మాదిరి."

తాయెత్తు మహిమ మొదటి చుట్టులోనే తెలిసింది. గుంట మధ్యలో బురద నన్ను పట్టుకుంది. సూరి కాలు ముందుకు పోయింది, నేను ఉండిపోయాను. వాడు ఒక్కసారి వెనక్కి చూసి, పరిగెత్తాడు. మిగిలిన పందెమంతా నేను గుంటలోంచే చూశాను. ఏ టీవీవాడికీ అంత మంచి చోటు దొరకలేదు.

రెండో చుట్టులో సూరి ఒంటి బూటుతో కుంటుతూ వచ్చాడు. కుడికాలి దాన్ని కూడా ఊడబీకి నా పక్కకి విసిరాడు. మూడో చుట్టులో వాడి మడమ మీద రక్తం. ఎవరివో బూటు మేకులు దిగాయి. పచ్చబనీనువాడు ఒకడు వాణ్ణి దాటిపోయాడు. అంటే మూడో బహుమతి ఆ పచ్చబనీను వెంట పోతోందన్నమాట.

చివరి చుట్టు. గాలి గుట్ట మీంచి ఎదురుగా కొడుతోంది. వెనకనుంచి ఓబులేసు వచ్చి సూరిని కలుసుకున్నాడు. ఓబులేసులో ఇంకా దమ్ముంది. సూరిలో లేదు. నా నెత్తిమీదే మాట్లాడుకున్నారు.

"ఓబులన్నా, నా ఎనకాల దాక్కో. గుట్టెక్కీవరకూ గాలి నాను కాత్తాను. ఆ పైన ఆ పచ్చబనీనోణ్ణి నువ్వు పట్టు."

"నేను ముందు పోతే నీది లెక్కలోకి రాదు రా."

"మాటాడకు. ఊపిరి దాసుకో."

రొమ్ము గాలికిచ్చి సూరి గుట్ట ఎక్కాడు. ఓబులేసు వాడి వీపుకి అంటుకున్నట్టు వెనకే ఎక్కాడు. శిఖరం మీద సూరి పక్కకి తప్పుకున్నాడు. ఓబులేసు గాలిపటంలా ఎగిరిపోయాడు. ఆ పైన నాకు కనిపించలేదు. మైకువాడి అరుపు వినిపించింది గానీ, బూటుకి ఆ భాష రాదు కదా.

సాయంత్రం సూరే వచ్చి మమ్మల్ని తవ్వి తీశాడు. ఓబులేసు గీత ముందర పచ్చబనీనువాణ్ణి దాటాడట. ఆ ఒక్క స్థానంతోనే మనకు మూడో బహుమతి. సూరి ఐదోవాడయ్యాడు. లెక్కలో లేడు.

అక్కడినుంచే తవిటినాయుడికి ఫోన్ చేశాడు. "నీ ముడి ఇప్పనేదు అన్నా. అయినా బూటు ఊడిపోనాది."

అవతల్నుంచి తవిటినాయుడు అరిచాడు. "ఇప్పనేదేట్రా, ఎర్రోడా? దాలన్న నాకేసిన ముడి నాను ఆ రేత్రే ఇప్పీసినాను. ఎవులికీ సెప్పనేదు."

నాకు తెలుసు. కానీ మనుషులు ఆచారం గురించి మనుషులనే అడుగుతారు, బూట్లనడగరు.

సూరి కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. నవ్వుతూ కూర్చుండిపోయాడు. నవ్వి నవ్వి ముక్కు తుడుచుకున్నాడు. లేవబోతే పాదాలు నేలకి ఆనలేదు, అంత వాచాయి. బహుమతికి మైకులో మన దేశం పేరు పిలిచారు. ఓబులేసు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు.

"మీరెల్లండి అన్నా. లెక్కలోనోళ్లు నిలబడితే సాలు."

ఓబులేసు వంగి వాణ్ణి వీపు మీదికి ఎత్తుకున్నాడు.

"దింపన్నా, అందరూ సూత్తన్నారు."

"గుట్టకాడ నువ్వు వద్దన్నాక నేను మాట్లాడితినా? నువ్వూ నోరు మూసుకో."

మేము సూరి చేతిలో వేలాడుతున్నాం. ఓబులేసు కొత్త కోటు మీదికి మా బురద కారింది. అతను తుడుచుకోలేదు. వాణ్ణి మోసుకుంటూ బహుమతుల మెట్టెక్కాడు.