పొగగొట్టం మీద కొంగ

1969 వేసవిలో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సులు నడిచిన రోజుల కంటే ఆగిన రోజులే ఎక్కువ. బడులూ కాలేజీలూ మూసేశారు. చీకటి పడకముందే అందరూ తలుపులు వేసుకునేవారు. అందుకని మా ప్రార్థన మందిరంలో నెలకోసారి వేసే సినిమాను మే నెలలో పగలే పెట్టారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. వాటి చిల్లుల్లోంచి ఎండ సన్నగా దిగి, లోపల చుక్కలు పొడిచినట్టుంది.

ఎప్పుడూ వచ్చేవి ఇంగ్లీషులో ఉండే దేవుని కథలు. మా నాన్న దేవానందం తెర పక్కన నిలబడి వాటిని తెలుగులో చెప్పేవాడు. ఆయన చదివింది నాలుగో తరగతి. మా పక్కింట్లో అద్దెకుండే ఇంగ్లీషు మాస్టారు రామమోహనరావు గారిది తెనాలి. ఆయన పక్కన కూర్చుని ఒక్కో మాటా చెవిలో చెప్తుంటే, నాన్న మందిరం మోగేలా అందుకునేవాడు. మాస్టారు "ఇక్కణ్ణుంచి వెళ్ళిపోవయ్యా" అంటే, నాన్న నోట అది "నడువ్ ఈడికెల్లి!" అయ్యేది. ఆరేళ్ళు అలాగే సాగింది. మా ఇంట్లో మొదటి పట్టా నాది. నేను బి.ఏ. పాసయింది ఆ మాస్టారి చలవతోనే.

మార్చిలో మా తమ్ముడు సాలోమోను ప్రత్యేక తెలంగాణ ఊరేగింపుకు పోయి జైల్లో పడ్డాడు. ఆ రోజు నాన్న గేటు దగ్గర మాస్టారితో, "మీ ఆంధ్రోల్లంత ఒచ్చినంకనే మా పోరగాండ్లకు గీ గతి" అనేశాడు. మాస్టారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పదిహేను రోజులకు తమ్ముడు ఇంటికొచ్చాడు గానీ, వాళ్ళిద్దరి మధ్య మాటలు మాత్రం రాలేదు. మాస్టారు తెనాలి వెళ్ళిపోవడానికి సోమవారానికి లారీ మాట్లాడుకున్నారని తెలిసింది.

సినిమా ఆదివారం. ఆ పొద్దున, "మాస్టారిని పిలవనా?" అని నాన్ననడిగాను.

"నువ్వు బి.ఏ. గదరా, నువ్వే చెప్పు నా చెవుల."

"నాకు పుస్తకంలో ఇంగ్లీషే వచ్చు నాన్నా."

ఆయన కాసేపు కండువా మడతలు చూసుకున్నాడు. "తప్పు నాదే. రేపటికల్లా పోతడాయె. నోరు పెగుల్తలేదురా," అన్నాడు.

దుప్పట్లు కట్టి చీకటి చేశాక ఎవరో వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నారు. దగ్గు విని మాస్టారని అందరికీ తెలిసింది. సినిమా వేసే సాయిలు మిషను తిప్పాడు. రీలు డబ్బా మారిపోయినట్టుంది, తెర మీద రంగు బొమ్మల సినిమా మొదలైంది. ఒక లావుపాటి ఎలుగుబంటి, దానికో ఇల్లు, ఆ ఇంటి పొగగొట్టం మీద గూడు కట్టుకున్న కొంగ. సంగీతమే తప్ప ఒక్క మాట లేదు. నాన్న బిత్తరపోయాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా!

"ఇది... జలప్రళయం అయినంక ఓడకెల్లి దిగిన గుడ్డెలుగు."

"మరి లాగు తొడుక్కున్నదేంది?" అంది ముందు వరసలో చంద్రమ్మ. జనం నవ్వారు.

కొంగను దింపడానికి ఎలుగుబంటి నిచ్చెన వేసింది. నిచ్చెన విరిగి, ఎలుగుబంటి కిందపడి రొట్టెలా పలచనైంది, మళ్ళీ ఉబ్బి లేచింది. ఎంత దెబ్బ తగిలినా నెత్తురన్నదే లేదు. మూడు నెలలుగా మేం వింటున్న లాఠీ దెబ్బలు అలాంటివి కావు. అందరూ కలలో ఉన్నట్టు చూస్తున్నారు. ఆ ఊపులో నాన్న ఎలుగుబంటి గొంతుతో అరిచాడు: "ఏ కొంగా! దిగు! గిది నా ఇల్లు!"

జనం తలలన్నీ వెనక్కి తిరిగాయి. అన్నాక గానీ నాన్నకు తెలియలేదు, తనేమన్నాడో.

చీకట్లో చివరి బల్ల నుంచి మెల్లగా ఓ గొంతు వచ్చింది. "పొగగొట్టం ఖాళీగా ఉందనుకున్నానండీ."

ముందు చంద్రమ్మ నవ్వింది, ఆ వెనక అందరూ. ఇక ఎలుగుబంటి మా యాసలో తిడుతుంటే, కొంగ తెనాలి మర్యాదతో బదులిచ్చింది. చివరికి ఎలుగుబంటి సుత్తితో పొగగొట్టాన్ని కొట్టింది. ఇల్లంతా కూలింది. కొంగ ఎగిరిపోయింది. ఎలుగుబంటి ఇటుకల మీద కూర్చుని బక్కెట్లకొద్దీ ఏడ్చింది.

"పోకు సారు," అన్నాడు నాన్న. గొంతు ఎలుగుబంటిది కాదు. "నేను గట్ల అనేది లేకుండె."

కొంగ ఆకాశంలో చుక్కై పోయింది.

రీలు వెనక్కి చుట్టేటప్పుడు మిషనులో దీపం ఆర్పాలి. సాయిలు కూడా ఏ లోకంలో ఉన్నాడో, మరిచిపోయాడు. తెర మీద బొమ్మ వెనక్కి నడిచింది; సంగీతం లేదు, మిషను చప్పుడొక్కటే. చుక్క పెరిగి కొంగైంది. కన్నీళ్ళు ఎగిరి కళ్ళలోకి వెళ్ళాయి. ఇటుకలు ఒక్కొక్కటే లేచి గోడలయ్యాయి. కొంగ వెనక్కి వెనక్కి ఎగురుతూ వచ్చి గూట్లో వాలింది.

"ఒచ్చినవా?" అన్నాడు నాన్న.

"వచ్చానండీ," అన్నారు మాస్టారు. "ఎలా వచ్చానో నాకే తెలీడం లేదు."

సోమవారం లారీ వచ్చింది. మాస్టారి భార్య సుమిత్రమ్మ గారు, పిల్లలు సామానుతో వెళ్ళారు. ఆమెకు భయం తీరలేదు. మాస్టారు మాత్రం, బడి తెరిచేదాకా ఉండి చూస్తానన్నారు. ఆ సాయంత్రం ఆయనకు అన్నం నాన్నే పట్టుకెళ్ళాడు, ఎంతకీ రాలేదు.

"గిన్నె ఇచ్చి రానికి గంటసేపా?" అని అమ్మ ఎలీశమ్మ కసిరింది.

"ఒక్కనాటి మాటలా అవి?" అన్నాడు నాన్న కాళ్ళు కడుక్కుంటూ. "రెండు నెలలవి."