కొట్టంలో ఆకుపచ్చ చీర

ఎవరి నగలు చూసినా నాకు కడుపు మండదు. ఒక ఆవును చూసి మండింది. అది మరాఠీ గడ్డ మీది కంధార్‌లో, మా సాక్షి వాళ్ల ఆవు.

సాక్షి, నేను దెగ్లూర్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని బీఏ పాసయ్యాం. దాన్ని కంధార్‌లో ఇచ్చి పదమూడేళ్లు. "ఒక్కసారన్నా రావే అర్పితా" అని పోరగా పోరగా, పిల్లల్ని అత్తమ్మకు అప్పగించి నేనూ మా ఆయన స్వప్నిల్ కారులో బయల్దేరాం. దారిలో ముఖేడ్ దాటేదాకా ఆయన కంధార్ కోట గురించి, అక్కడి ఎర్ర పశువుల గురించి చెబుతూనే ఉన్నాడు. ఇంట్లో ఉప్పెక్కువైందన్న మాట తప్ప ఇంకో మాట ఎరగని మనిషి.

కోట చూశాం. కందకంలో నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. తర్వాత సాక్షి భర్త, బుర్ర మీసాల సూర్యకాంత్, మమ్మల్ని పశువుల బజారుకు తీసుకెళ్లాడు. ఇటుక రంగు ఎద్దులు, కళ్ల చుట్టూ ఎవరో కాటుక దిద్దినట్టు నల్లటి గీత. రాజుల కాలం నుంచి ఈ ఊరికి పేరు వీటితోనే వచ్చిందని సూర్యకాంత్ మరాఠీలో చెప్పాడు. మా ఆయన ఒక్కో ఎద్దు ముందూ ఆగి, మూపురం నిమిరి, దాని వంశం అడిగి తెలుసుకున్నాడు. మా పుట్టింటి వాళ్ల గురించి ఆయన ఏనాడూ అంత అడగలేదు.

సాయంత్రం సాక్షి పంజాబీ డ్రెస్ మీదే పాత ఆకుపచ్చ చీర ఒకటి చుట్టుకుని కొట్టంలోకి వెళ్లింది. ఆవు పేరు తాంబడి. మరాఠీలో ఎర్రది అని అర్థం. సాక్షి గొంతు వినగానే అది మెడ తిప్పి చూసి పాలు చేపింది. దూడను రెండు గుక్కలు తాగనిచ్చి సాక్షి చెంబు నింపింది.

"నేను గూడ పిండుత, జరుగు" అన్నాను. మా పుట్టింట్లో బర్రెలుండేవి, చేతకాని పని కాదు.

"వద్దే, తంతది. నేను దప్ప ఎవరొచ్చినా ఇయ్యది."

అది తన్నింది. చెంబు గోడకు తగిలింది. మా ఆయన నవ్వాడు.

"మరి నువ్వు లేనప్పుడు ఎట్ల?" అని అడిగాను.

"ఎట్లనో నడుస్తది" అని సాక్షి తన మొగుడి వైపు చూసింది. సూర్యకాంత్ గడ్డి వేసే పని ఉందని లేచి వెళ్లాడు.

ఆ రాత్రి సాక్షి మంచి అన్నం పెట్టింది గానీ నా ధ్యాసంతా ఆవు మీదే ఉంది. కిందటి ఏడు నేను పది రోజులు పుట్టింటికి పోతే మా ఇంట్లో ఎవరూ తిండి మానలేదు. మెస్సు నుంచి భోజనం డబ్బా తెప్పించుకున్నారు. తిరిగొచ్చేసరికి ఒక్కొక్కరు కిలో చొప్పున పెరిగారు. ఇక్కడ ఒక పశువు, సాక్షి లేకపోతే చుక్క పాలివ్వనంటోంది. నేను లేకపోతే ఆగిపోయేది ఈ లోకంలో ఒక్కటైనా ఉండాలి కదా. లేదంటే సాక్షికీ ఉండకూడదు.

పొద్దున సాక్షి ఐదింటికి లేస్తుంది. నేను నాలుగున్నరకు లేచాను. కొట్టం గుంజ కొక్కేనికి ఆ ఆకుపచ్చ చీర వేలాడుతోంది. పేడ, చెమట, పాల వాసన. చుట్టుకున్నాను. తాంబడి నన్ను కాదు, చీరను వాసన చూసింది. పాలు చేపింది. చెంబు నిండా పాలు.

చీర ఎక్కడిదక్కడ పెట్టి చెంబు వంటింటి గట్టు మీద ఉంచాను.

సాక్షి చెంబును చూసింది, నన్ను చూసింది. "ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"మంచిది" అని చాయ్ పెట్టింది. నా కప్పులో చక్కెర తక్కువైంది. ఆ చాయ్ నాకు అమృతంలా ఉంది.

తిరుగు దారిలో మా ఆయన "నీ చెయ్యి మంచిదే" అన్నాడు. పదేళ్లలో మొదటి మెచ్చుకోలు. అది అబద్ధపు పాలకు దక్కింది. ముఖేడ్ వచ్చేసరికి మనసు పీకి సాక్షికి మెసేజ్ పెట్టాను: 'కొట్టంల చీర నేనే కట్టుకున్ననే. ఏమనుకోకు.'

వెంటనే జవాబు వచ్చింది: 'ఎరుకే. తిర్లమర్ల, లోపలిది బయటికి ఏసినవ్ కొక్కేనికి. నేను అమ్మోళ్లింటికి పోతె మా ఆయ్న గూడ గదే కట్టుకుంటడు. నా గాజులు చేతికెక్కవు, దారంతోని కట్టుకుంటడు. గాజుల సప్పుడు లేకుంటె అది ఇయ్యది. ఎవ్వరికి చెప్పకు, సిగ్గుపడ్తడు.'

రెండుసార్లు చదివాను. ఆ బుర్ర మీసాల మనిషి, ఆకుపచ్చ చీర, మణికట్టుకు దారంతో గాజులు. ఆవు సంగతి వదిలేశాను. అసలు మంట ఇప్పుడు మొదలైంది.

"ఏమయ్యా, నేను లేకుంటె నువ్వేం చేస్తవ్?"

"ఏం చేస్త? డబ్బా తెప్పిస్త" అన్నాడు, రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పకుండా.

"నా చీర ఎన్నడన్న కట్టుకుంటవా?"

ఆయన బ్రేకు వేశాడు. రోడ్డు మీద అడ్డం ఏమీ లేదు.